ఆరువందల పౌండ్ల చక్రం

మా పుస్తకాల గుంపులో ఈసారి ఇంగ్లిష్ రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ నవల 'నార్త్ అండ్ సౌత్' చదివాం. చర్చంతా అనుకున్న దారిలోనే సాగింది. దక్షిణాది నుంచి మిల్టన్ అనే మిల్లుల ఊరికొచ్చిన మార్గరెట్ గర్వం, అక్కడి నూలు మిల్లు యజమాని థార్న్‌టన్ గర్వం, ఆ రెండూ ఎలా కరిగాయి, 2004లో బీబీసీ తీసిన సీరియల్లో రైల్వే స్టేషన్ ముగింపు బాగుందా, పుస్తకంలో ఉన్నది బాగుందా. ఇక ముగిద్దామనుకుంటున్నప్పుడు, చిన్న పరిశ్రమ నడిపే సభ్యుడొకాయన ఇలా అన్నారు: "యజమానులంతా థార్న్‌టన్‌లా ఉంటే లేబర్ చట్టాలూ అక్కర్లేదు, యూనియన్లూ అక్కర్లేదండీ. ఈ నవల చెప్పేది అదే కదా!" చాలామంది అవునన్నారు.

ఆయన మనసులో చెడు లేదు. తన దగ్గర పనిచేసేవాళ్ల పిల్లలకు ఏటా ఫీజులు కట్టే మనిషి. అందుకే అప్పటికప్పుడు జవాబు చెప్పాలనిపించలేదు. తర్వాత నవల మళ్లీ తీసి, ప్రేమకథను పక్కనపెట్టి, మిల్లుల మాట వచ్చిన పేజీలన్నీ నెమ్మదిగా చదివాను. నాకు తేలింది ఇది: నవల సాక్ష్యం ఆయన అన్నదానికి సరిగ్గా ఎదురుగా ఉంది. థార్న్‌టన్ మంచివాడు కాబట్టే ఆ సాక్ష్యానికి అంత బలం. అతను దుర్మార్గుడైతే మిల్టన్‌లో పోయిన ప్రాణాలన్నీ అతని ఖాతాలో రాసేసి, మనం హాయిగా పుస్తకం మూసేసేవాళ్లం.

బెస్సీ చెప్పిన లెక్క

బెస్సీ హిగిన్స్‌ని చాలామంది పాఠకులు మర్చిపోతారు. ఎప్పుడూ పరలోకం గురించీ, బైబిల్లో చివరి గ్రంథం గురించీ మాట్లాడే రోగిష్టి పిల్లగా మాత్రమే గుర్తుంటుంది. చర్చలో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. కానీ పదమూడో అధ్యాయంలో ఆమె మార్గరెట్‌తో చెప్పే నాలుగు మాటల్లో ఒక ఆర్థికశాస్త్ర గ్రంథానికి సరిపడా విషయం ఉంది.

ఆమెది దూది ఏకే గదిలో పని. ఏకుతున్నప్పుడు లేచే సన్నటి నుసి గదంతా తెల్లగా కమ్ముకుంటుంది. అది ఊపిరితిత్తుల చుట్టూ చుట్టుకుని బిగించేస్తుందని అక్కడివాళ్లు అనుకుంటారు. ఆ గదుల్లో పనిచేసినవాళ్లు చాలామంది దగ్గీ దగ్గీ, రక్తం కక్కి క్షీణించిపోతారు. దీన్ని ఆపడానికి మార్గం లేదా అని మార్గరెట్ అడుగుతుంది. ఉంది అంటుంది బెస్సీ. కొందరు యజమానులు గదికి ఒక చివర పెద్ద చక్రం పెట్టిస్తారు. అది గాలిని లాగి నుసిని బయటికి పంపేస్తుంది. కానీ దానికి ఐదారువందల పౌండ్లు అవుతుంది, పైసా లాభం తీసుకురాదు. అందుకని పెట్టించేవాళ్లు తక్కువ.

ఇక్కడిదాకా ఏ రచయితైనా రాయగలడు. గాస్కెల్ ఇక్కడ ఆగలేదు. చక్రం ఉన్నచోట పనిచేయడం కొందరు పనివాళ్లకే ఇష్టం ఉండదని కూడా బెస్సీ చేతే చెప్పిస్తుంది. ఏళ్లతరబడి నుసి మింగడానికి అలవాటుపడిన కడుపులకు, అది లేకపోతే ఆకలి ఎక్కువవుతుందట. అలాంటి మిల్లులో చేయాలంటే కూలి పెంచాలన్నారట. అలా యజమానులకూ పనివాళ్లకూ మధ్య చక్రం రాకుండానే పోయింది. "మా దగ్గర ఒకటి ఉండుంటే బాగుండేది" అన్న ధోరణిలో ఆ పిల్ల మాట ముగిస్తుంది.

ఆ ఆకలి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పైపైన చదివితే పనివాళ్ల మూఢత్వంలా కనిపిస్తుంది. నిదానంగా ఆలోచిస్తే అది కూలి లెక్క. వాళ్లకొచ్చే డబ్బులతో కడుపు నిండదు, కొంత భాగాన్ని దూది నుసి నింపుతోంది. నుసి తీసేస్తే ఆ ఖాళీని రొట్టెతో నింపాలి, ఆ రొట్టెకు డబ్బు కావాలి. వాళ్లు అడిగింది అదే. ఊపిరి నిలవాలంటే ముందు కూలి పెరగాలని వాళ్లకు తెలుసు.

ఇంకో దెబ్బ కూడా ఉంది. మీ నాన్నకు తెలియదా అని మార్గరెట్ అడిగితే, తెలుసు, బాధపడ్డాడు అంటుంది బెస్సీ. కానీ మిల్లు మొత్తమ్మీద మంచిదే, తోటివాళ్లు బుద్ధిమంతులు, వయసొచ్చిన పిల్లని తెలియని చోటుకి పంపడానికి ఆయనకు భయం. చెల్లెలి చదువు సాగాలి. నాన్నకు పుస్తకాలు కొనాలనీ, ఉపన్యాసాలకు వెళ్లాలనీ ఇష్టం. అన్నిటికీ డబ్బు కావాలి. తను సుకుమారి అనిపించుకోవడం బెస్సీకీ నచ్చలేదు. అందుకని చేస్తూ పోయింది. నీ వయసెంత అంటే, జూలై వస్తే పందొమ్మిది అంటుంది. మార్గరెట్‌కీ పందొమ్మిదే.

బెస్సీ తండ్రి నికొలాస్ హిగిన్స్ పుస్తకాలు చదివే కార్మికుడని మనం మెచ్చుకుంటాం. ఆ పుస్తకాల ఖర్చులో కొంత ఎక్కడినుంచి వచ్చిందో గాస్కెల్ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లిపోయింది. ఎవర్నీ తిట్టలేదు. తిట్టడానికి అక్కడ దుర్మార్గులెవరూ లేరు. మంచి మిల్లు, ప్రేమించే తండ్రి, కష్టపడే కూతురు. చావు మాత్రం ఆగలేదు.

ఇది తెలియక జరిగిందనడానికీ లేదు. మాంచెస్టర్‌లో పేదలకు వైద్యం చేసిన డాక్టర్ జేమ్స్ కే, నూలు మిల్లుల వాళ్లకొచ్చే ఈ ఊపిరితిత్తుల జబ్బు గురించి 1831లోనే రాశాడు. గాస్కెల్ పెళ్లయి మాంచెస్టర్ వచ్చింది ఆ మరుసటి ఏడాది. నవల వారంవారం అచ్చవడం మొదలైంది 1854 సెప్టెంబరులో. ఇరవైమూడేళ్లుగా తెలిసిన సంగతే బెస్సీ నోట వచ్చింది.

పొగ సంగతి వేరు, నుసి సంగతి వేరు

ఇప్పుడు థార్న్‌టన్ దగ్గరికి వద్దాం. పదో అధ్యాయంలో మార్గరెట్ తండ్రి హేల్ ఇంట్లో టీ తాగుతూ అతను తన చిమ్నీల గురించి చెబుతాడు. పొగ తగ్గేలా వాటిని మార్పించాడు. పార్లమెంటు జోక్యం చేసుకోకముందే, తన ఇష్టప్రకారం. ముందు ఖర్చయినా, బొగ్గు ఆదాతో అది తిరిగొచ్చేసింది. చట్టం వచ్చేదాకా ఆగి ఉంటే చేసేవాణ్నో లేదో అనీ అంటాడు. ఎవరో ఫిర్యాదు చేసి జరిమానా వేసేదాకా కూర్చుని, చట్టం ఒప్పుకున్నంతమేర సతాయించేవాణ్ననీ అంటాడు.

మా మిత్రుడికి ఈ పేజీ చూపిస్తే, 'చూశారా, మంచి యజమానికి చట్టం అక్కర్లేదు, పైగా చట్టం చిరాకు తెప్పిస్తుంది' అంటారు. థార్న్‌టన్ ఇంకొంచెం ముందుకెళ్తాడు కూడా. ఫిర్యాదుల మీదా, జరిమానాల మీదా ఆధారపడే చట్టాలు పనిచేయవంటాడు. మిల్టన్‌లో కొన్ని చిమ్నీలు మూడోవంతు బొగ్గుని పొగగా వదిలేస్తున్నా, ఐదేళ్లుగా ఒక్కదాని మీద కూడా ఫిర్యాదు వచ్చి ఉండదంటాడు. కాగితం మీద చట్టాన్ని చూసినవాళ్లెవరూ ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేరు.

కానీ ఈ పేజీని బెస్సీ పేజీ పక్కన పెట్టి చదవాలి. చిమ్నీ మార్పిస్తే బొగ్గు మిగులుతుంది. చక్రం పెట్టిస్తే ఏమీ మిగలదు, ఊపిరి తప్ప. ఆ ఊపిరి యజమాని చిట్టాలో ఏ పద్దు కిందా రాదు. మంచితనమూ లాభమూ ఒకే వైపు నడిచినంతకాలం థార్న్‌టన్ చట్టానికంటే ముందే నడిచాడు. రెండూ విడిపోయే చోట, ఊళ్లో 'కొద్దిమంది' తప్ప ఎవరూ ముందుకు రాలేదని బెస్సీ చెబుతోంది. ఒక మిల్లు ఆరువందలు ఖర్చుపెట్టి, పక్క మిల్లు పెట్టకపోతే, మొదటివాడి బట్ట ఆమేరకు ఖరీదవుతుంది. అమెరికా పోటీ వల్ల కూలి పెంచలేమని యజమానులు నవలలో జరిగే సమ్మె మొత్తం చెబుతూనే ఉంటారు. అలాంటి సంతలో మంచివాడు ఒంటరిగా మంచితనం చేస్తే మునుగుతాడు. అందరిచేతా ఒకేసారి చక్రం పెట్టించే నియమం ఉంటేనే అతని మంచితనానికి రక్షణ. అందుకే చెడ్డ యజమానికంటే మంచి యజమానికే చట్టం ఎక్కువ అవసరమంటాను.

థార్న్‌టన్ దివాలా కూడా ఇదే చెబుతోంది. చెల్లెలి భర్త వాట్సన్ ఒక జూదం లాంటి వ్యాపారంలోకి రమ్మంటే, అప్పిచ్చినవాళ్ల డబ్బుతో ఆడే హక్కు తనకు లేదని ఒప్పుకోడు. వాట్సన్‌కి లాభాలొచ్చాయి, థార్న్‌టన్ మిల్లు మూతపడింది. ఒంటరి నిజాయితీకి మార్కెట్ ఇచ్చే ధర ఎంతో ఈ నవలే కట్టి చూపించింది.

కలిసి తిన్న భోజనం

హిగిన్స్, థార్న్‌టన్ కలిసి నడిపిన భోజనశాల నాకూ ఇష్టమైన భాగమే. సరుకులు టోకున కొని, మిల్లు పక్కనే వండించి, పనివాళ్లు పిలిస్తే థార్న్‌టన్ కూడా వాళ్లతో కూర్చుని తింటాడు. అంతకుముందు ఈ హిగిన్సే పని కోసం అతని గుమ్మం ముందు ఐదు గంటలు నిలబడ్డాడు. ముందు కసిరి పంపేసిన థార్న్‌టన్, తర్వాత అతను చెప్పింది నిజమో కాదో విచారించుకుని, తనే వాళ్లింటికి వెళ్లి పనిస్తానంటాడు. ఇద్దరు గర్విష్టులు ఒకరినొకరు మనుషులుగా చూసుకోవడం మొదలుపెట్టిన ఆ ఘట్టం నవలలో అన్నిటికంటే నిజాయితీగా ఉంది. దాన్ని చిన్నచేసి మాట్లాడటం నాకు చేతకాదు. మిల్లు మూతపడ్డాక, ఎప్పుడైనా మళ్లీ యజమాని అయితే మీ దగ్గరే చేస్తామని పనివాళ్లు సంతకాలు పెట్టి ఇస్తారు. అదీ అబద్ధమనిపించదు.

కానీ థార్న్‌టన్ తన ప్రయోగం గురించి ఏం చెప్పుకున్నాడో చూడండి. లండన్‌లో కోల్‌థర్స్ట్ అనే పార్లమెంటు సభ్యుడు, దీనివల్ల సమ్మెలు ఆగుతాయా అని అడుగుతాడు. అస్సలు ఆగవంటాడు థార్న్‌టన్. సమ్మెల్లో ఇప్పుడున్న విషం, ద్వేషం తగ్గితే చాలు, అంతకుమించి ఆశ లేదంటాడు. మా మిత్రుడు థార్న్‌టన్ పేరు మీద చెప్పిన మాటను థార్న్‌టనే ఒప్పుకోడు.

ఇక్కడ మా మేనత్త సంగతి చెప్పాలి. గుంటూరు దగ్గర ఒక జిన్నింగు మిల్లుకి ఆవిడ ప్రతి సీజనులో పనికి వెళ్లేది. ముఖానికి పాత చీర ముక్క చుట్టుకునేది. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద, ముంజేతుల మీద తెల్లగా దూది. మిల్లులో రోజూ పని దిగేటప్పుడు అందరికీ బెల్లం ముక్క పెట్టేవారు. గొంతులో పట్టిన నుసి దిగిపోతుందని. "మా షావుకారు దేవుడమ్మా, బెల్లం ఏనాడూ మానలేదు. అక్క పెళ్లికి అడక్కముందే చేబదులిచ్చాడు" అనేది. అది నిజం. ఆ పెళ్లిలో ఆయన వచ్చి మాతో పాటు పంక్తిలో కూర్చుని తిన్నాడు కూడా. వారం సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజున ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందనేది అత్త. పత్తి దుమ్ము జబ్బు గురించి చదివితే ఈ గుర్తే ముందుగా కనిపిస్తుంది. సెలవు తర్వాతి రోజునే ఎక్కువ బాధ పెడుతుంది కాబట్టి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల్లో సోమవారం అంటేనే హడలు. ఆ జబ్బు పేరు బిసినోసిస్. మన దేశపు 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, డాక్టరు చూస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో అది ఉండేది. అత్తని చూసిన డాక్టర్లలో ఎవరూ నీ పని ఏమిటని అడగలేదు.

షావుకారు మంచివాడు కాదని నేననను. బెల్లం ఖర్చు తక్కువ, దుమ్ము లాగే ఫ్యాన్ల ఖర్చు ఎక్కువ. ఆయన మంచితనం బెల్లం దాకా వచ్చింది, ఫ్యాన్ల దాకా రాలేదు. ఎవరూ తెమ్మని పట్టుబట్టలేదు.

బౌచర్ మాటేమిటి

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. మంచితనాన్ని నమ్మకపోతే పనివాళ్ల సంఘాన్ని నమ్మాలి, మరి ఆ సంఘం నవలలో బౌచర్ అనే పనివాణ్ని ఏం చేసింది? జబ్బు భార్య, గంపెడు పిల్లలు, ఇంట్లో గింజ లేదు. సమ్మెలో ఉండక తప్పదు, లేకపోతే తోటివాళ్లు మాట్లాడరు, పక్కన నిలబడరు. తట్టుకోలేక అల్లర్లలో దూరాడు. తర్వాత పని దొరక్క, లోతులేని వాగులో బోర్లా పడి ప్రాణం తీసుకున్నాడు. ఆ వాగు నీళ్లు అద్దకాలకు వాడినవి, అతని ముఖమంతా ఆ రంగు పట్టింది. సంఘం చేసేది యజమానులు చేసేదానికంటే ఏం మేలని మార్గరెట్ అడిగితే, హిగిన్స్ దగ్గర పూర్తి జవాబు లేదు.

ఈ భాగం చదివి గాస్కెల్ యూనియన్లకు వ్యతిరేకి అని తేల్చేసిన ఎడమపక్షపు మిత్రులు నాకున్నారు. నేనలా చదవను. 1848లో 'మేరీ బార్టన్' రాసినప్పుడు, యజమానులకు అన్యాయం చేసిందని మిల్లు కుటుంబాల నుంచి వచ్చిన డబ్ల్యూ. ఆర్. గ్రెగ్ లాంటివాళ్లు ఆమెను విమర్శించారు. ఈసారి రెండువైపులా చూడాలని ఆమె పూనుకుంది. రెండువైపులా చూడటమంటే రెండువైపుల తప్పులూ రాయడమే కదా. బౌచర్ చావు ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ చావు నుంచి 'కాబట్టి యజమాని దయే మేలు' అన్న మాట రాదు. సంఘానికి పైసా ఇవ్వనని మాటిస్తేనే పని అని హాంపర్ అనే మిల్లు యజమాని అంటే, హిగిన్స్ ఆకలికైనా ఒప్పుకున్నాడు గానీ ఆ మాటివ్వడానికి ఒప్పుకోలేదు. గాస్కెల్ అతన్ని అక్కడ తలెత్తుకునే నిలబెట్టింది.

నిజంగా చట్టం వచ్చినప్పుడు

నవల పక్కనపెట్టి, అదే ఏడాది బయట ఏం జరిగిందో చూస్తే వాదన ఇంకా గట్టిపడుతుంది. 'నార్త్ అండ్ సౌత్' అచ్చయింది డికెన్స్ సంపాదకుడిగా నడిపిన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్'లో. అంతకుముందు అదే పత్రికలో అతని సొంత నవల 'హార్డ్ టైమ్స్' వచ్చింది. ఆ 1854 ఏప్రిల్లోనే హెన్రీ మోర్లీ అందులో యంత్రాల్లో పడి చేతులూ ప్రాణాలూ పోగొట్టుకున్నవాళ్ల గురించి వ్యాసం రాశాడు. 'హార్డ్ టైమ్స్'లో రేచల్ చెల్లెలు మిల్లు యంత్రంలో చిక్కుకున్న ప్రస్తావన మొదట ఉండేది. ప్రూఫుల దశలో డికెన్స్ దాన్ని కొట్టేశాడు. ఆ నవలలోని కార్మికుడు, రేచల్‌ని ప్రేమించే స్టీఫెన్ బ్లాక్‌పూల్ ఎందుకంత పట్టుదలగా ఉన్నాడో అర్థం కావడానికి ఆ ముక్క అవసరమని నా అభిప్రాయం. గాస్కెల్ తన పుస్తకంలో బెస్సీ ఊపిరిని కొట్టేయలేదు. ఈ ఒక్క విషయంలో ఆమె డికెన్స్ కంటే ఒక మెట్టు పైన నిలిచింది.

యంత్రాల చుట్టూ కంచె వేయాలని బ్రిటన్ 1844 ఫ్యాక్టరీ చట్టమే చెప్పింది. ఏడడుగుల పైన తిరిగే షాఫ్టులకు అక్కర్లేదని మిల్లు యజమానుల వాదన. లెనర్డ్ హార్నర్ వంటి ఇన్‌స్పెక్టర్లు వేయాల్సిందేనని పట్టుబట్టారు. అప్పుడు యజమానులు ఏం చేశారు? 1855లో జాతీయ సంఘం పెట్టుకున్నారు, కంచెలకు ఎదురు పోరాడటానికి. వాళ్ల తరఫున హారియట్ మార్టినో వంటి పేరున్న రచయిత్రి పుస్తకమే రాసింది. ఆ యజమానులంతా రాక్షసులేం కారు. వాళ్లలో బడులు కట్టించినవాళ్లూ, చర్చిలకు చందాలిచ్చినవాళ్లూ ఉండే ఉంటారు. థార్న్‌టన్‌లాగే, చట్టం తమ మిల్లులోకి రావడమే అవమానమనుకున్నారు. పనివాళ్లకు సంఘం వద్దన్నవాళ్లే తమకొక సంఘం పెట్టుకున్నారు.

పత్తి దుమ్ము జబ్బుకి బ్రిటన్‌లో పరిహారం మొదలైంది 1940 దశకం తొలి రోజుల్లో. డాక్టర్ కే రాసి అప్పటికి నూరేళ్లు దాటింది. ఆ నూరేళ్లలో లాంకషైర్‌లో మంచి యజమానులకు కరువేం లేదు.

నవల మీద నా అనుమానం

ఇంతా చెప్పి, నవలని ప్రభుత్వ నివేదికలా చదువుతున్నానేమో అన్న సందేహం నాకూ కలిగింది. నవలకు పరిష్కారం చూపించే బాధ్యత లేదు. గాస్కెల్ పాస్టరు భార్య. పేదల ఇళ్లలో రోగుల పక్కన కూర్చున్న మనిషి. తన కళ్లతో చూసిన మేలు, మనుషులు ఒకరికొకరు తెలిస్తే జరిగే మేలు, దాన్నే ఆమె రాసింది. అంతకంటే ఎక్కువ అడగడం అన్యాయం కావచ్చు.

కానీ చక్రం ధర రాసింది ఆమే. లాభం రాదు కాబట్టి పెట్టరని రాసిందీ ఆమే. చివరి అధ్యాయంలో ఇంకో అంకె కూడా తనే రాసింది. తండ్రి స్నేహితుడు మిస్టర్ బెల్ ఆస్తి మార్గరెట్‌కు వచ్చింది. దివాలా తీసిన థార్న్‌టన్‌కి ఆమె, బ్యాంకులో ఊరికే పడి ఉన్న డబ్బు ఇస్తానంటుంది: 18,057 పౌండ్లు. ఇప్పుడు రెండున్నర శాతం వడ్డీయే వస్తోంది, మీరు అంతకంటే ఎక్కువ ఇవ్వగలరు, మార్ల్‌బరో మిల్లు మళ్లీ నడుస్తుంది అంటుంది. ప్రేమను వడ్డీ లెక్కలో దాచుకుని చెప్పిన ఆ తీరు చాలా అందంగా ఉంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇష్టమే.

ఆ డబ్బుతో, చక్రం ఒక్కోటి ఆరువందలు వేసుకున్నా, ముప్పై చక్రాలొస్తాయి. బెస్సీ పక్కన కూర్చుని దాని ధర స్వయంగా విన్న మనిషి మార్గరెట్. పనివాళ్ల మనసు తెలిసిన యజమాని థార్న్‌టన్. ఆ గదిలో డబ్బుంది, దయ ఉంది, ప్రేమ ఉంది, జ్ఞాపకం కూడా ఉండాలి. ఇద్దరూ వడ్డీ గురించి మాట్లాడుకున్నారు. చక్రం ఊసు రాలేదు. వచ్చే నెల గుంపు కలిసినప్పుడు మా మిత్రుణ్ని ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదవమని అడుగుతాను.